కొత్త మహానగరంలో ఏది ఎక్కాలి, ఏ టికెట్ కొనాలి

ఒక మహానగరంలో ఏళ్ల తరబడి ఉంటున్నవారికి ప్రజా రవాణాలో కావలసింది వేగం. రైలులో ఏ బోగీ ఎక్కితే దిగినచోట మెట్లు దగ్గరగా ఉంటాయో, ఏ కూడలిలో మెట్రో దిగి బస్సు పట్టుకుంటే నాలుగు నిమిషాలు కలిసొస్తాయో వారికి తెలుసు. ఎప్పుడైనా లెక్క తప్పితే వెళ్లగలిగే మరో దారి కూడా తెలుసు. నాలుగైదు రోజుల కోసం వచ్చిన సందర్శకుడికి ఆ రెండో దారి తెలియదు. అందుచేత అతడు మెట్రోను, బస్సును, పాసును, స్మార్ట్ కార్డును పోల్చుకునేటప్పుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న, ‘ఇందులో పొరబడితే ఎంత నష్టపోతాను, ఎంత సులువుగా బయటపడతాను’ అన్నది. వేగం ఆ తర్వాతి మాట. చాలా నగరాల్లో ఒక వాహనానికీ మరో వాహనానికీ చార్జీలో తేడా స్వల్పంగానే ఉంటుంది, కానీ పొరబాటుకు చెల్లించే మూల్యం ఒక్కోచోట ఒక పూటంతా అవుతుంది, ఒక్కోచోట జరిమానా రూపంలో వస్తుంది.

మెట్రోనా, బస్సా

ఈ లెక్కన చూస్తే మెట్రోదే పైచేయి. తప్పు దిశలో వెళ్లే రైలు ఎక్కినా తర్వాతి స్టేషన్లో దిగి ఎదుటి ప్లాట్‌ఫాంకు మారితే సరిపోతుంది. గేటు దాటి బయటకు రానంతవరకు ఎక్కువ నగరాల్లో దానికి అదనపు చార్జీ పడదు. స్టేషన్ పేరు గోడల మీద కనిపిస్తుంది, రాబోయే స్టేషన్ను ముందే ప్రకటిస్తారు, ఎవరూ చెయ్యి ఎత్తనవసరం లేకుండా, గంట నొక్కనవసరం లేకుండా రైలు తనంతట తానే ఆగుతుంది. రోడ్డు మీద ట్రాఫిక్ ఎలా ఉన్నా ప్రయాణ సమయం దాదాపు మారదు కాబట్టి నాటకానికో, రైలుకో, విమానానికో సమయానికి అందుకోవలసి ఉన్న రోజున మెట్రో మార్గం ఉంటే మరో ఆలోచన పెట్టుకోనక్కరలేదు.

దీనికి ముఖ్యమైన మినహాయింపు న్యూయార్క్. 1904లో మొదలైన ఆ నగరపు సబ్‌వేలో చాలా స్టేషన్లకు రోడ్డుకు ఇరుపక్కలా వేర్వేరు మెట్లుంటాయి. ఒక పక్క మెట్ల మీద ‘అప్‌టౌన్’ (ఉత్తరం వైపు) అనీ, మరో పక్క ‘డౌన్‌టౌన్’ (దక్షిణం వైపు) అనీ బోర్డు ఉంటుంది. బోర్డు చూడకుండా మెట్లు దిగి గేటు దాటితే, లోపలి నుంచి అవతలి ప్లాట్‌ఫాంకు దారి లేని స్టేషన్లలో మళ్లీ పైకి వచ్చి, రోడ్డు దాటి, కొత్తగా చార్జీ కట్టవలసి వస్తుంది. పైగా అక్కడ ఒకే మార్గంలో ఎక్స్‌ప్రెస్, లోకల్ రైళ్లు రెండూ నడుస్తాయి. ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు తాము దిగవలసిన చిన్న స్టేషన్ కిటికీలోంచి వెనక్కి జారిపోవడం చూస్తూ ఊరుకోవలసిందే. ముంబై లోకల్ రైళ్లలో ఫాస్ట్, స్లో బండ్ల మధ్య తేడా కూడా ఇటువంటిదే. దిగవలసిన స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఆగుతుందో లేదో ఖాయంగా తెలియనప్పుడు కొద్ది నిమిషాలు ఆలస్యమైనా లోకల్ ఎక్కడమే మేలు.

బస్సులో పొరబాటు ఇంత సులువుగా తీరదు. ఒన్‌వే రోడ్లున్న నగర మధ్యభాగంలో తిరుగు బస్సు ఆగే స్టాపు ఎదురుగా ఉండదు, ఒక్కోసారి అది పక్క వీధిలో ఉంటుంది. ఒకే నంబరు గల బస్సుల్లో కొన్ని మార్గమంతా వెళ్లకుండా మధ్యలోనే ఆగిపోతాయి కాబట్టి, నంబరుతో పాటు బస్సు ముందు రాసి ఉండే చివరి స్టాపు పేరు కూడా చదువుకోవాలి. ఎక్కే తలుపు, చెల్లించే వేళ కూడా ఊరూరికీ మారుతాయి. హాంకాంగ్ ద్వీపంలో 1904 నుంచి నడుస్తున్న ట్రాముల్లో వెనుక తలుపు నుంచి ఎక్కి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర చార్జీ చెల్లించాలి. లండన్ బస్సుల్లో 2014 జులై నుంచి నగదు తీసుకోవడం లేదు కాబట్టి చేతిలో ఎంత చిల్లర ఉన్నా ప్రయోజనం లేదు. సింగపూర్ బస్సుల్లో ఎక్కేటప్పుడే కాక దిగేటప్పుడూ కార్డు ట్యాప్ చేయాలి, అంటే రీడర్ యంత్రానికి ఆనించాలి. దిగేటప్పుడు మరిచిపోతే ఆ బస్సు మార్గం చివరి వరకూ ప్రయాణించినట్లు లెక్కగట్టి చార్జీ పట్టుకుంటారు. ఆమ్‌స్టర్‌డామ్ ట్రాముల్లో, బస్సుల్లో కూడా దిగేటప్పుడు ట్యాప్ చేయడం తప్పనిసరి. ఇవేవీ కష్టమైన నియమాలు కావు గానీ వెనుక క్యూ కట్టి నిలబడినవారి ముందు నేర్చుకోవలసినవి కూడా కావు. స్టాపులో నిలబడి, ముందు వచ్చిన బస్సులోకి స్థానికులు ఎలా ఎక్కుతున్నారో ఒకసారి చూస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

అలాగని బస్సును పక్కన పెట్టమని నా సలహా కాదు. రెండు మూడు స్టేషన్ల దూరానికి మెట్రో తరచుగా నష్టదాయకం, ఎందుకంటే భూమి లోపలికి దిగడానికీ, గేటు నుంచి ప్లాట్‌ఫాంకు నడవడానికీ, తిరిగి పైకి రావడానికీ పట్టే సమయాన్ని ఏ మెట్రో పటమూ చూపదు. ఆ పటాలకు దూరాలతో పని లేదన్నది గుర్తుంచుకోవలసిన విషయం. హ్యారీ బెక్ గీసిన లండన్ అండర్‌గ్రౌండ్ పటం 1933లో ప్రచురితమైనప్పటి నుంచి, నిలువు, అడ్డం, ఏటవాలు గీతల మీద స్టేషన్లను సమాన దూరంలో పేర్చే పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. చదవడానికి అది చాలా సులువు, కానీ దూరం తెలుసుకోవడానికి పనికిరాదు. అదే నగరంలో లీస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం సుమారు 260 మీటర్లు మాత్రమే. పటం మీద మిగతా స్టేషన్ల లాగానే కనిపించే ఈ రెండింటి మధ్య రైలెక్కడం కంటే నడవడం త్వరగా అవుతుంది. సందర్శకుల పొరబాటు ఎంత సామాన్యమంటే, లండన్ రవాణా సంస్థే పక్కపక్క స్టేషన్ల మధ్య ఎన్ని నిమిషాల నడకో చూపే పటాన్ని విడిగా విడుదల చేసింది.

రెండు మార్గాల మధ్య తేల్చుకోలేనప్పుడు, రైలు మారవలసిన అవసరం తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవాలని నా అభిప్రాయం. ఫోను చూపే ‘28 నిమిషాలు, రెండు మార్పులు’ కంటే ‘35 నిమిషాలు, నేరుగా’ అన్నది కొత్తవారికి దాదాపు ఎప్పుడూ మెరుగే. ప్యారిస్‌లోని షాత్లే స్టేషన్లో ఒక లైను నుంచి మరో లైనుకు మారడమంటే పొడవైన సొరంగ దారుల్లో, బాణపు గుర్తుల వెంట, కదిలే పట్టీల మీదుగా సాగే నడక. టోక్యోలోని షింజుకు స్టేషన్‌కు 200కు పైగా బయటి దారులున్నాయి. తప్పు దారిలో బయటపడితే, కనిపిస్తున్న హోటలుకు చేరడానికే చాలాసేపు చుట్టి రావలసి ఉంటుంది. అటువంటి స్టేషన్లలో రైలు దిగగానే నడక మొదలుపెట్టకుండా, ప్లాట్‌ఫాం మీదే ఆగి బయటి దారులు చూపే బోర్డు మీద మన గమ్యానికి ఏ నంబరు దారి రాసి ఉందో చూసుకుని కదలడం అలవాటు చేసుకోవాలి.

ట్రాము ఈ రెండింటికీ మధ్యస్థం. పట్టాలు కనిపిస్తుంటాయి కాబట్టి బండి ఎటు పోతుందో తెలుస్తుంది, తిరుగు ట్రాము ఎక్కువగా అదే వీధిలో దొరుకుతుంది, మెట్లు దిగే శ్రమ లేదు. ట్రాములున్న నగరంలో మొదటి రోజు వాటితోనే మొదలుపెట్టడం మంచిది. ఇక నీటి మీద నడిచే ప్రజా రవాణాను సందర్శకులు పర్యాటక విహారంగా పొరబడి వదిలేస్తుంటారు. ఇస్తాంబుల్‌లో ఐరోపా వైపున్న ఎమినోను నుంచి ఆసియా వైపున్న కాడికోయ్ వెళ్లే ఫెర్రీకి, నగరపు మెట్రోకు వాడే ఇస్తాంబుల్‌కార్టే చెల్లుతుంది. 2013లో ప్రారంభమైన మర్మరాయ్ రైలు సముద్రం అడుగున సొరంగంలో కొద్ది నిమిషాల్లోనే ఖండం దాటిస్తుంది కనుక తొందరలో ఉన్నవారికి అది, లేనివారికి ఫెర్రీ. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలండ్ ఫెర్రీకి అసలు చార్జీయే లేదు, స్వేచ్ఛా ప్రతిమకు ఎదురుగా సాగిపోతుంది. ఆ ప్రతిమను దూరం నుంచి చూస్తే చాలుననుకునేవారు డబ్బు పెట్టి పడవ ఎక్కవలసిన పనిలేదు.

టికెట్, కార్డు, పాసు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. విమానం దిగగానే కౌంటరులో కనిపించే ‘అపరిమిత ప్రయాణం’ అన్న మాట ఆకర్షణీయంగా ఉంటుంది, కొన్నాక లెక్క వేసుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ లెక్క కొనకముందు వేయాలి, అదేమంత పెద్దది కాదు. రోజు పాసు ధర ఒక్క ప్రయాణపు చార్జీకి ఎన్ని రెట్లో చూసుకోవాలి. నాలుగు రెట్లుంటే ఐదో ప్రయాణం నుంచే లాభం మొదలవుతుంది. బస నుంచి ఒక చోటుకు, అక్కడి నుంచి మరో చోటుకు, సాయంత్రం తిరిగి బసకు వెళితే మూడు ప్రయాణాలే అయ్యాయి. అలా మధ్యాహ్నానికే బసకు వచ్చి, విశ్రాంతి తీసుకుని, సాయంత్రం మళ్లీ మరో చోటుకు వెళ్లివచ్చే అలవాటున్న కుటుంబాలకు అవి ఐదు అవుతాయి, వారికి పాసు గిట్టుతుంది. కాలినడకన తిరగడం ఇష్టపడేవారికి, ఒకే మ్యూజియంలో పగలంతా గడిపేవారికి అది దాదాపు ఎప్పుడూ గిట్టదు.

అయితే ఈ లెక్క అవసరమే లేకుండా చేసిన నగరాలున్నాయి, వీలైతే సందర్శకుడు ఆ పద్ధతినే ఎంచుకోవాలి. లండన్‌లో 2003లో ఆయిస్టర్ అనే స్మార్ట్ కార్డు వచ్చింది. 2012 డిసెంబరులో బస్సుల్లో, 2014 సెప్టెంబరులో అండర్‌గ్రౌండ్‌లో బ్యాంకు కార్డును నేరుగా ట్యాప్ చేసే సౌకర్యం వచ్చింది. ఎన్నిసార్లు ప్రయాణించినా, ఒక రోజు చార్జీల మొత్తం నిర్ణీత గరిష్ఠ పరిమితికి చేరాక ఆ పైన చేసే ప్రయాణాలకు డబ్బు పట్టుకోరు. అంటే తక్కువ తిరిగితే తక్కువ, ఎక్కువ తిరిగితే పాసు కొన్నట్లే. పాసు కొనాలా వద్దా అన్న నిర్ణయాన్ని రోజు ముగిశాక యంత్రమే తీసుకుంటుంది. న్యూయార్క్‌లో 2019లో మొదలైన ఓమ్నీ అనే ట్యాప్ చెల్లింపు విధానంలోనూ ఏడు రోజులకు ఇటువంటి పరిమితి ఉంది. రెండింటికీ ఒక తేడా గమనించాలి. లండన్‌లో వారపు పరిమితిని సోమవారం నుంచి ఆదివారం వరకు లెక్కిస్తారు కాబట్టి గురువారం దిగినవారికి అది పెద్దగా కలిసిరాదు. న్యూయార్క్‌లో మొదటి ట్యాప్ చేసిన రోజు నుంచే ఏడు రోజులు లెక్క.

ఈ పద్ధతికి ఉన్న షరతు ఒక్కటే, దాన్ని ఉల్లంఘించేవారు మాత్రం చాలామంది. రోజంతా ఒకే కార్డును, ఒకే రూపంలో వాడాలి. ఉదయం ప్లాస్టిక్ కార్డును ఆనించి, మధ్యాహ్నం అదే కార్డును ఫోనులోంచి వాడితే, బ్యాంకు ఖాతా ఒకటే అయినా యంత్రం దృష్టిలో ఇద్దరు వేర్వేరు ప్రయాణికులు. రెండు పరిమితులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. గేటు దగ్గర పర్సు మొత్తాన్ని రీడర్‌కు ఆనించే అలవాటు ఇంకా ప్రమాదకరం. లోపల రెండు కాంటాక్ట్‌లెస్ కార్డులుంటే వెళ్లేటప్పుడు ఒకటి, బయటకు వచ్చేటప్పుడు మరొకటి పట్టుకోవచ్చు, అప్పుడు రెండింటి మీదా అసంపూర్తి ప్రయాణానికి వేసే గరిష్ఠ చార్జీ పడుతుంది. కార్డును పర్సులోంచి బయటకు తీసి, రీడర్ మీద ఒక క్షణం ఆనించి ఉంచి, పచ్చ దీపం వెలిగాకనే తీయాలి. భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డు మీద వెళ్లడానికి లండన్‌లో వీల్లేదు, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. విదేశీ కార్డు మీద బ్యాంకు ఎంత రుసుము పట్టుకుంటుందో బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవడం కూడా ఈ పద్ధతిలో భాగమే.

పరిమితి లేని నగరాల్లో ముందు డబ్బు వేసుకుని వాడే స్మార్ట్ కార్డు తర్వాతి స్థానంలో నిలుస్తుంది. 1997లో వచ్చిన హాంకాంగ్ ఆక్టోపస్, 2001లో వచ్చిన టోక్యో సుయికా ఈ కోవలోవి. వీటి వల్ల డబ్బు పెద్దగా ఆదా కాదు, ఆదా అయ్యేది ఆలోచన. టోక్యోలో టోక్యో మెట్రో, తోయె అని రెండు వేర్వేరు సబ్‌వే సంస్థలున్నాయి, వాటికి తోడు జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లు, అనేక ప్రైవేటు రైళ్లు ఉన్నాయి. విడి టికెట్లు కొనేవారు ఏ గేటు ఏ సంస్థదో ప్రతిసారీ తెలుసుకోవాలి, సుయికా ఉన్నవారికి ఆ బెడద లేదు. సందర్శకుల కోసం అమ్మే టోక్యో సబ్‌వే టికెట్ 24, 48, 72 గంటల రకాల్లో దొరుకుతుంది, రెండు సబ్‌వే సంస్థల్లోనూ చెల్లుతుంది, కానీ నగరాన్ని చుట్టివచ్చే యమనోతె లైను జేఆర్‌ది కనుక అందులో చెల్లదు. బస యమనోతె లైను పక్కన ఉన్నవారు ఈ టికెట్ కొంటే రోజూ రెండుసార్లు అదనంగా చెల్లించుకోవలసి వస్తుంది. బస సబ్‌వే స్టేషన్ దగ్గరుంటే మాత్రం ఇది మంచి బేరం. పాసు మంచిదా కాదా అన్నది పాసును బట్టి కాక బసను బట్టి తేలుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

పాసు కొనాలని నిర్ణయించుకున్నాక దాని కాలాన్ని ఎలా లెక్కిస్తారో అడగాలి. గంటల్లో లెక్కించే పాసును మధ్యాహ్నం మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నం దాకా వస్తుంది, రెండు పూటలు కలిసొస్తాయి. తేదీని బట్టి లెక్కించేదాన్ని సాయంత్రం కొనడం దండగ. ప్యారిస్ నావిగో వారపు పాసు సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది, శుక్రవారం నుంచి కౌంటరులో అమ్మేది వచ్చే వారానిదే. బుధవారం దిగి మంగళవారం వెళ్లిపోయేవారికి ఒక పాసు చాలదు, రెండు అక్కరలేదు. అటువంటివారు నావిగో ఈజీ కార్డులో విడి ప్రయాణాలు వేసుకోవడమే సరి. ఆ నగరంలో 2025 జనవరి నుంచి మెట్రో, రైళ్లకు ఒక టికెట్, బస్సు, ట్రాములకు మరో టికెట్ అని విడదీశారు. మెట్రో టికెట్‌తో దిగి అదే ప్రయాణంలో బస్సెక్కుదామంటే కుదరదు.

బెర్లిన్ వంటి నగరాల్లో గేట్లే ఉండవు. ప్లాట్‌ఫాం మీదికి నేరుగా నడిచి వెళ్లవచ్చు, ఆపేవారు లేరు. దీన్ని చూసి ఉచితమనుకోవడమో, కాగితపు టికెట్ కొనడంతోనే పని అయిపోయిందనుకోవడమో జరుగుతుంది. ఆ టికెట్‌ను ప్లాట్‌ఫాం మీద ఉండే చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి, ముద్ర లేని టికెట్ టికెట్ కిందకు రాదు. మామూలు దుస్తుల్లో తిరిగే తనిఖీదారులకు దొరికితే 60 యూరోల జరిమానా పడుతుంది, కొత్తవారమన్న వివరణ అక్కడ చెల్లదు. ఇదే నగరంలో మరో చిక్కు చార్జీల కోసం నగరాన్ని విడదీసిన జోన్లది. చూడదగ్గ స్థలాలన్నీ దాదాపు ‘ఎ’, ‘బి’ జోన్లలోనే ఉంటాయి గానీ 2020లో తెరిచిన విమానాశ్రయం ‘సి’ జోన్లో ఉంది. ఎ-బి పాసుతో విమానాశ్రయం రైలెక్కినవారు తెలియకుండానే టికెట్ లేని ప్రయాణికులవుతారు. అన్ని రోజులకూ మూడు జోన్ల పాసు కొనడం కంటే రాకపోకల రెండు రోజులకే ‘సి’ జోన్ చార్జీ కట్టుకోవడం చవక.

ఏమీ కొనకముందు బస చేసే హోటలును ఒక మాట అడగడం మంచిది. స్విట్జర్లాండ్‌లోని బాజెల్, జెనీవా నగరాల్లో హోటళ్లలో బస చేసేవారికి నగర రవాణాను ఉచితంగా వాడుకునే కార్డు ఇస్తారు. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి సందర్శకులతో సహా అందరికీ రెండో తరగతి ప్రజా రవాణా ఉచితం. ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో కూడా 2013 నుంచి ఉచితమే కానీ, అది నగరవాసులుగా నమోదైనవారికి మాత్రమే. ఉచితం అన్న వార్త సగం విని వెళ్లే సందర్శకుడు టికెట్ కొనవలసిందే.

విమానాశ్రయం నుంచి

చేతిలో బరువు, కళ్లలో నిద్రలేమి ఉన్నప్పుడు చేసే ఈ మొదటి ప్రయాణానికి పోలిక వేరుగా ఉండాలి. హీత్రో విమానాశ్రయం నుంచి లండన్‌లోకి మూడు రైళ్లున్నాయి. హీత్రో ఎక్స్‌ప్రెస్ 15 నిమిషాల్లో ప్యాడింగ్టన్ స్టేషన్‌కు చేరుస్తుంది, కానీ అక్కడితో ఆగిపోతుంది. బస ప్యాడింగ్టన్ పక్కన లేనివారు అక్కడ పెట్టెలతో మళ్లీ రైలు మారాలి, ఆ మారడంలోనే ఆదా అయిన నిమిషాలు కరిగిపోతాయి. 2022లో ప్రారంభమైన ఎలిజబెత్ లైను ఎక్స్‌ప్రెస్ కంటే నెమ్మది, చార్జీ తక్కువ, పైగా నగరాన్ని అడ్డంగా దాటుకుంటూ తూర్పు దాకా వెళుతుంది. పికడిల్లీ లైను అన్నింటికంటే చవక, అన్నింటికంటే నిదానం, దాని బోగీలు ఇరుకు. బస ఎలిజబెత్ లైను మీద ఉంటే అదే ఎంచుకోవాలి. పికడిల్లీ లైను మీద ఉండి లగేజీ తక్కువైతే దానిలోనే నేరుగా వెళ్లాలి. ఎక్స్‌ప్రెస్‌ను ప్యాడింగ్టన్ దగ్గర దిగేవారికి వదిలేయవచ్చు. న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయం నుంచి బయలుదేరే ఎయిర్‌ట్రెయిన్‌కు విడిగా చార్జీ ఉంటుంది. అది జమైకా స్టేషన్‌కు చేర్చాక అక్కడి నుంచి సబ్‌వేలో వెళ్లవచ్చు, లేదా ఎక్కువ డబ్బు పెట్టి లాంగ్ ఐలండ్ రైల్‌రోడ్‌లో త్వరగా మన్‌హటన్ చేరవచ్చు. పెద్ద పెట్టెలతో ఉన్నవారికి ఆ ఎక్కువ డబ్బు దండగ కాదు.

ఏ విమానాశ్రయమైనా ‘ఎక్స్‌ప్రెస్’ అన్న పేరు చూసి టికెట్ తీసుకోకుండా, అది ఎక్కడ ఆగుతుందో, అక్కడి నుంచి బసకు ఎలా వెళ్లాలో చూసుకుని తలుపు నుంచి తలుపు వరకు సమయాన్ని పోల్చాలి. కుటుంబంలో నలుగురున్నప్పుడు నాలుగు ఎక్స్‌ప్రెస్ టికెట్ల మొత్తం ఒక్కోచోట ట్యాక్సీ చార్జీకి దగ్గరగా వస్తుంది. అప్పుడు ప్రజా రవాణా మీద మొండి పట్టు పనికిరాదు.

రాత్రి వేళలు, మెట్లు, పిల్లలు

న్యూయార్క్ సబ్‌వే 24 గంటలూ నడుస్తుంది. ఆ అలవాటుతో టోక్యో వెళ్లినవారు అర్ధరాత్రి దాటాక రైళ్లు ఆగిపోయి, తెల్లవారుజామున అయిదింటి ప్రాంతం దాకా మళ్లీ మొదలుకావని తెలిసి ట్యాక్సీల క్యూలో నిలబడతారు. లండన్‌లో కొన్ని లైన్లు మాత్రమే, అదీ శుక్ర, శనివారాల రాత్రుల్లోనే తెల్లవార్లూ నడుస్తాయి, మిగతా రాత్రుల్లో బస్సులే దిక్కు. ప్యారిస్‌లో నోక్టిలియెన్ పేరుతో రాత్రి బస్సులున్నాయి. పగలు మెట్రోను నమ్ముకున్నవారు కూడా తమ బస దగ్గర ఆగే రాత్రి బస్సు నంబరు ఒక్కటి మొదటి రోజే రాసి పెట్టుకోవాలి. ఆఖరి రైలు వేళను మాత్రం మనం ఎక్కే స్టేషన్‌ను బట్టి కాక, మారవలసిన స్టేషన్‌ను బట్టి చూడాలి. మొదటి రైలు అందినా, అక్కడ రెండోది వెళ్లిపోయి ఉంటే ప్రయోజనం లేదు.

చక్రాల కుర్చీ, పిల్లల బండి, మోకాళ్ల నొప్పులు, బరువైన పెట్టె, వీటిలో ఏది ఉన్నా పైన చెప్పిన మెట్రో-బస్సు తీర్పు తలకిందులవుతుంది. మెట్రో ఎంత పాతదైతే అందులో లిఫ్టులు అంత తక్కువ. 1863లో మొదలైన లండన్ అండర్‌గ్రౌండ్‌లోనూ, 1900లో మొదలైన ప్యారిస్ మెట్రోలోనూ, న్యూయార్క్‌లోనూ మెట్లు తప్ప గతి లేని స్టేషన్లు చాలా ఉన్నాయి. ప్యారిస్‌లో 14వ లైను ఇందుకు మినహాయింపు. 2002లో మొదలైన ఢిల్లీ మెట్రో వంటి కొత్త వ్యవస్థల్లో మొదటి నుంచీ లిఫ్టులు కట్టారు. పాత నగరాల్లో నేల ఎత్తు తక్కువగా ఉండి, తలుపు దగ్గర ర్యాంపు దించే బస్సులే వీరికి సరైన ఎంపిక, సమయం కొంత ఎక్కువ పట్టినా సరే. రద్దీ వేళల్లో ఉదయం తొమ్మిదిన్నర దాటేవరకు బయలుదేరకపోతే మంచిది. లండన్ వంటి చోట్ల అండర్‌గ్రౌండ్ చార్జీ కూడా ఆ తర్వాత తగ్గుతుంది. పిల్లల చార్జీ గురించి ఏదీ ఊహించుకోకూడదు. లండన్‌లో 11 ఏళ్లలోపు పిల్లలు పెద్దవారితో కలిసి అండర్‌గ్రౌండ్‌లో ఉచితంగా వెళ్లవచ్చు కానీ, ఇంకో నగరంలో వయసుకు బదులు ఎత్తును బట్టి తేలుస్తారు.

ఫోనును ఎంతవరకు నమ్మాలి

2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ సమాచారంతో గూగుల్ మొదలుపెట్టిన పద్ధతి తర్వాత ప్రపంచమంతటా ప్రమాణంగా మారింది, ఇప్పుడు బస్సు వేళలను ఫోను చూపగలగడానికి ఎక్కువగా అదే ఆధారం. అయితే ఫోను చూపే వేళ కొన్ని చోట్ల బండి నిజంగా ఎక్కడుందో చూసి చెప్పేది, మరికొన్ని చోట్ల సమయ పట్టికలో అచ్చైనది మాత్రమే. బస్సు వేళ పక్కన ప్రత్యక్ష సమాచారమని సూచించే గుర్తు ఉందో లేదో గమనించాలి. అది లేకపోతే ఆ వేళకు ముందూ వెనుకా పది నిమిషాలు వదులుకోవడానికి సిద్ధపడాలి. వారాంతాల్లో మరమ్మతుల కోసం లైన్లు మూసివేయడం పాత మెట్రోలున్న నగరాల్లో మామూలు విషయం కాబట్టి, శనివారం ఉదయం ఆయా రవాణా సంస్థ సొంత యాప్‌ను కూడా ఒకసారి చూడాలి. భూగర్భంలో సిగ్నల్ పోయినప్పుడు పనికొచ్చేది ముందే తీసి పెట్టుకున్న మెట్రో పటం చిత్రమే. బసకు దగ్గరి స్టేషన్ పేరును స్థానిక లిపిలో కూడా ఫోనులో ఉంచుకుంటే, భాష రాకపోయినా చూపించి అడగవచ్చు.

తిరిగి వచ్చేముందు కార్డులో మిగిలిన డబ్బు సంగతి తేల్చుకోవాలి, దీన్నీ కార్డు కొనేటప్పుడే ఆలోచించడం మంచిది. ఆయిస్టర్ కార్డులో మిగిలింది చిన్న మొత్తమైతే స్టేషన్లోని టికెట్ యంత్రమే తిరిగి ఇస్తుంది. సందర్శకుల కోసం అమ్మే వెల్‌కమ్ సుయికాకు డిపాజిట్ లేదు, కానీ 28 రోజులకు గడువు ముగుస్తుంది, మిగిలిన సొమ్ము వెనక్కి ఇవ్వరు. అందువల్ల అందులో ఒక్కసారిగా పెద్ద మొత్తం వేయకుండా కొంచెం కొంచెంగా వేసుకోవాలి, చివరి రోజున మిగిలినదాన్ని ఆ కార్డు తీసుకునే దుకాణాల్లోనే ఖర్చుపెట్టుకోవాలి.